ఉప్పు డబ్బా చెప్పిన గిటారు కబురు



ఈ వారం ఒక సినిమా ముచ్చటతో మొదలుపెడదాం. సినిమా పత్రికలో సినిమా మాట లేకుండా శీర్షిక నడిపితే ఎడిటరుగారు ఊరుకోరు, మీరసలే ఊరుకోరు!

2015లో క్వెంటిన్ టరంటీనో సినిమా 'ది హేట్‌ఫుల్ ఎయిట్' విడుదలైంది. అందులో ఖైదీ వేషం వేసిన జెన్నిఫర్ జేసన్ లీ గిటారు మీటుతూ పాట పాడుతుంది. పాట నడుస్తూండగానే కర్ట్ రస్సెల్ లేచి వచ్చి, ఆ గిటారు లాక్కుని బాది ముక్కలు చేస్తాడు. ఆ అమ్మాయి అదిరిపడి కేక పెడుతుంది. ఆహా, ఏం నటన అనుకున్నారు చూసినవాళ్ళు. అది నటన కాదండీ బాబూ, నిజంగానే అదిరిపడింది! ఆ గిటారు 1870ల నాటిది. మార్టిన్ కంపెనీవారి మ్యూజియం నుంచి షూటింగు కోసం అరువు తెచ్చింది. బాదే ముందు కెమెరా ఆపి, దాని స్థానంలో నకలు గిటారు పెట్టాలన్నది ఏర్పాటు. ఆ ముక్క కర్ట్ రస్సెల్ చెవిన పడలేదు. అంతే! 140 ఏళ్ళ పైబడిన వాద్యం ఒక్క షాట్లో పుల్లలైపోయింది. ఇక మీదట సినిమాలకు గిటార్లు అరువిచ్చేది లేదని మార్టిన్ వారు చెప్పేశారు.

'అయ్యో' అనిపించింది కదూ? నాకూ అనిపించింది. కాని ఆ తర్వాత నన్ను నేనే ఒక ప్రశ్న వేసుకున్నాను. కర్ట్ రస్సెల్ పాపం తెలియక ఒక్క సెకనులో పగలగొట్టాడు. తెలిసి తెలిసి రెండేళ్ళ పాటు నెమ్మదిగా పగలగొట్టినవాడిని ఏమనాలి? ఆ రెండోవాడిని నేనే. ఆ కథ చెబుతాను. ముందు ఈ వారం ఉత్తరం చూడండి.

విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి రాసింది: "సార్, మా నాన్నగారు కాలేజీ రోజుల్లో కొనుక్కున్న గిటారు ఇప్పుడు నాకిచ్చారు. నాకు హైదరాబాదులో ఇంజనీరింగు సీటొచ్చింది. గిటారు హాస్టలుకి తీసుకెళ్తానంటే అమ్మ వద్దంటోంది. అక్కడ పాడైపోతుందట. గుడ్డ చుట్టి బీరువా మీద పెడితే నాలుగేళ్ళు భద్రంగా ఉంటుందట. నాన్నగారు మాత్రం ఏమీ అనడం లేదు. మీరేం చెబుతారు?"

ఆ 'భద్రంగా' అన్న మాట చదవగానే నాకు గుండె కలుక్కుమంది.

అన్నయ్య గిటారు

'యాదోం కీ బారాత్' 1973లో వచ్చింది. చేతిలో గిటారుతో జీనత్ అమన్‌ని చూసి దేశమంతా వెర్రెత్తిపోయిన రోజులు. అదే కథ మన తెలుగులో 1975లో 'అన్నదమ్ముల అనుబంధం' అయి వచ్చింది. బెజవాడలో మా వీధి కుర్రాళ్ళందరికీ గిటారు పిచ్చి పట్టింది. అందరిదీ పిచ్చితోనే ఆగింది. మా అన్నయ్య మాత్రం ఉద్యోగంలో చేరి, మూణ్నెల్ల జీతం కూడబెట్టి నిజంగానే కొనేశాడు. రాత్రి పూట మేడ మెట్ల మీద కూర్చుని వాయించేవాడు. వీధిలో వాళ్ళు తిట్టుకునేవాళ్ళు, మళ్ళీ ఏదైనా రోజు వాయించకపోతే ఏమైందని అడిగేవాళ్ళు.

1979లో వాడికి కువైట్లో ఉద్యోగం దొరికింది. వెళ్తూ వెళ్తూ గిటారు నా చేతిలో పెట్టి, "జాగ్రత్తరా" అన్నాడు. ఒక్క మాటే.

నేను ఎంత జాగ్రత్త చేశానో తెలుసా? శుభ్రంగా తుడిచి, దుప్పటి చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి, తాడుతో బిగించి, వంటింటి అటక మీద పెట్టాను. మాది రేకుల ఇల్లు. అటకకీ రేకుకీ మధ్య రెండడుగులు. పిల్లల చేతికందదు, చుట్టాల కంటబడదు. ఇంతకంటే భద్రం ఇంకేముంటుంది అనుకున్నాను. తీగలు బిగించినవి బిగించినట్టే ఉంచేశాను. ఆ తర్వాత రెండేళ్ళు దాని వైపు చూడలేదు.

1981లో అన్నయ్య సెలవు మీద వచ్చాడు. అన్నం కూడా తినకుండా "గిటారేదిరా?" అన్నాడు. దించాం. తాళ్ళు విప్పాం. దుప్పటి తీస్తుంటే బూజు వాసన గుప్పుమంది. తీగలు తుప్పు పట్టి ఎర్రబారాయి. బ్రిడ్జి, అంటే తీగలు కట్టే ఆ చెక్కముక్క, వెనక అంచు లేచిపోయి, సందులో పోస్టుకార్డు దూరేటట్టుంది. ముందు పలక బ్రిడ్జి దగ్గర ఉబ్బి, దాని కింద జానెడు పొడుగున నిలువుగా చీలింది.

అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చీలిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి నెమ్మదిగా రాశాడు. తిడితే బాగుండేది.

మర్నాడు వీణలూ హార్మోనియంలూ బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన గిటారుని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, "ఎక్కడ పెట్టారు బాబూ?" అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు. "చెట్టు కొట్టేసినా చెక్కకి దాహం పోదు బాబూ. వానొస్తే తాగుతుంది, ఎండొస్తే కక్కుతుంది. మీరు దాన్ని ఆవిరిలోనూ పెట్టారు, పెనం మీదా పెట్టారు" అన్నాడు.

ఆ రోజు ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివి, చూసి తెలుసుకున్నదీ ఈ వారం మీకు చెబుతున్నాను.

తలుపు ఎందుకు బిగుసుకుంటుంది?

వానాకాలంలో మీ ఇంటి తలుపు పట్టుకుని, భుజం పెట్టి తోస్తే గాని పడదు. ఎండాకాలంలో అదే తలుపు సందులోంచి వీధిలో పోయే మనిషి కనిపిస్తాడు. తలుపు మారలేదు, గాలి మారింది. గాలిలో తేమ పెరిగితే చెక్క పీల్చుకుని ఉబ్బుతుంది. తేమ తగ్గితే వదిలేసి కుంచించుకుపోతుంది. ఇక్కడే ఒక తమాషా ఉంది. ఈ ఉబ్బడం, కుంచించుకోవడం చెక్క చారలకి అడ్డంగా, అంటే వెడల్పులో జరుగుతుంది. పొడుగులో జరిగేది లెక్కలోకి రానంత తక్కువ.

ఇప్పుడు గిటారు చూడండి. ముందు పలక మందం దాదాపు 3 మిల్లీమీటర్లు, అంటే మన అప్పడం అక్కగారు! దాని చారలు నిలువుగా ఉంటాయి. లోపల ఆ పలకని మోసే బద్దలు అడ్డంగానో, ఏటవాలుగానో అతికించి ఉంటాయి. పలక వెడల్పులో సాగాలని చూస్తుంది, బద్ద సాగనివ్వదు. అత్తా కోడళ్ళ తగువు! తేమ ఎక్కువైతే పలక పైకి ఉబ్బుతుంది. తేమ తగ్గితే పలక కుంచించుకోవాలని లాగుతుంది, బద్ద వదలదు, మధ్యలో పలక చీలుతుంది.

ఇది చాలదన్నట్టు తీగల లాగుడు ఒకటి. సన్న రకం స్టీలు తీగల గిటారు మీద ఆరు తీగలూ కలిపి లాగే బలం 70 కిలోల పైమాట. ఒక పెద్దమనిషి రాత్రింబవళ్ళు ఆ బ్రిడ్జి పట్టుకుని వేలాడుతున్నట్టు లెక్క. నైలాన్ తీగలదైతే అందులో దాదాపు సగం. చెక్క, జిగురు గట్టిగా ఉన్నంతకాలం ఆ పెద్దమనిషిని మోస్తాయి. వేడికి జిగురు మెత్తబడిందా, పెద్దమనిషి బ్రిడ్జితో సహా ఊడి వస్తాడు. మా రేకుల ఇంట్లో జరిగింది అదే.

మనవాళ్ళకిది కొత్త సంగతేం కాదు. బొబ్బిలి వీణ పనస చెక్కతో చేస్తారు. దాని మెట్లు నల్లటి మైనంలో కూర్చి ఉంటాయి. ఎండ వేడి తగిలితే ఆ మైనం మెత్తబడి మెట్లు కదులుతాయని వీణ వాయించే ప్రతి ఇంట్లోనూ తెలుసు. డప్పు వాయించేవాళ్ళు వాయించే ముందు మంట దగ్గర కాచి, చర్మంలో తేమ పోగొట్టి బిగువు తెప్పిస్తారు. ప్రతి వాద్యానికీ వాతావరణం ఉంది. గిటారు అమెరికా నుంచి వచ్చినా, చైనా నుంచి వచ్చినా మీ ఇంట్లో ఉన్నంతకాలం మీ ఊరి వాతావరణమే దానికి దిక్కు.

ఎంత తేమ ఉండాలి?

గిటారుకి హాయి అనిపించే తేమ 45 నుంచి 55 శాతం. 40 నుంచి 60 మధ్య ఉన్నా కంగారు లేదు. విశాఖలో, కాకినాడలో సముద్రపు గాలికి ఏడాదిలో చాలా రోజులు 70 శాతం దాటుతుంది. హైదరాబాదులో ఏప్రిల్ నెల మధ్యాహ్నం 30 శాతం చుట్టుపక్కలకి పడిపోవడం మామూలే. అంటే మన రాష్ట్రాల్లో గిటారుకి ఒకచోట జలుబు, ఒకచోట దాహం!

'మరి మా గదిలో ఎంత ఉందో మాకెలా తెలుస్తుంది సార్?' అంటారు. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా మూత తియ్యండి. నేను వేళాకోళం ఆడటం లేదు. స్వచ్ఛమైన ఉప్పు గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితేనే నీళ్ళు పీల్చుకోవడం మొదలుపెడుతుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి గనుక ఇంకాస్త ముందే చెమరుస్తుంది. మీ ఇంట్లో ఉప్పు ముద్దకట్టిందంటే ఆ గాలి గిటారుకి పడదని గుర్తు. మా అమ్మ ఆ రెండు వానాకాలాలూ ఉప్పు జాడీ పొయ్యి పక్కకి జరుపుతూనే ఉంది. దాని నెత్తి మీదే అటక! నాకు అప్పుడు తట్టలేదు.

ఇంకా కచ్చితంగా కావాలంటే హైగ్రోమీటరు అని తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది. గడియారమంత ఉంటుంది, ఒక సెట్టు తీగల ధర అటూ ఇటూ. అది నిజం చెబుతోందో, అబద్ధం చెబుతోందో మళ్ళీ ఉప్పుతోనే పరీక్ష చెయ్యొచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటంత నీళ్ళు చిలకరించండి. కరిగిపోయేటన్ని నీళ్ళు పొయ్యకండి. ఆ మూతనీ మీటరునీ గాలి చొరని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఒక రాత్రంతా ఉంచండి. ఉప్పు మీటరుకి తగలకూడదు. తెల్లారి మీటరు 75 చూపాలి. 70 చూపితే అది ఎప్పుడూ 5 తక్కువ చెప్పే రకమని గుర్తుపెట్టుకుని కలుపుకోండి. ఇది ఇంటర్ ప్రాక్టికల్స్ కన్నా తేలిక!

వానాకాలం

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అందరికీ, కోస్తావాళ్ళకి అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు కూడా కలుపుకుని, గిటారుని పెట్టెలో ఉంచండి. గట్టి పెట్టె అయితే శ్రేష్ఠం, మెత్తటి సంచీ అయినా ఉత్త గోడ మీద కంటే నయం. లోపల సిలికా జెల్ సంచీ ఒకటి వెయ్యండి. మందు సీసాల్లో వచ్చే చిటికెడు ప్యాకెట్లు దేనికీ చాలవు, కాస్త పెద్దది కొనండి. రంగు మారిందంటే దాని పని అయిపోయినట్టే. దాన్ని వంట మూకుడులో వేసి వేయించబోకండి, నీలం రంగు రకంలో కలిపే రసాయనం వంటకి పనికొచ్చేది కాదు. కొత్తది వేసుకోండి. సంచీలో బియ్యం పోస్తే సరిపోతుందని కొందరంటారు. బియ్యం పెద్దగా పీల్చదు సరికదా, పురుగుల్ని పిలుస్తుంది.

పెట్టెని ఉత్త నేల మీద పెట్టకండి. వానాకాలంలో నేల చెమరుస్తుంది. మంచం మీదో, బల్ల మీదో ఉంచండి. నేలకీ గోడకీ ఆనించి నెలలు వదిలేస్తే చెదలు గిటారు నేర్చుకుంటాయి! వాన వెలిసిన రోజు పెట్టె తెరిచి, నీడలో గంటసేపు గాలాడనివ్వండి. వాయించాక తీగల్ని పొడిగుడ్డతో తుడవండి. చేతి చెమటలో ఉప్పుంటుంది, దానికి తేమ తోడైతే తుప్పు పట్టక ఏమవుతుంది?

ఎండాకాలం

రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు. రోళ్ళే పగిలితే గిటారొక లెక్కా?

ఈ కాలంలో వానాకాలం మందు పనికిరాదు. సిలికా జెల్ తీసి పారెయ్యండి. దాహంతో ఉన్నవాడి నోట్లో దూది కుక్కినట్టవుతుంది. ఇప్పుడు పెట్టెలో కాస్త తేమ కావాలి. ఒక ప్లాస్టిక్ సబ్బు పెట్టెకి పైన నాలుగైదు చిల్లులు పెట్టి, స్పాంజి ముక్క తడిపి, చుక్క కారనంతగా పిండి, అందులో పెట్టి మూసెయ్యండి. దాన్ని గిటారు పెట్టెలో తల దగ్గరుండే ఖాళీ జాగాలో ఉంచండి. తడి చెక్కకి తగలకూడదు. రెండు మూడు రోజులకోసారి చూసి మళ్ళీ తడపండి. ఇంత శ్రమెందుకనుకుంటే తేమ ఎక్కువైతే పీల్చుకుని, తక్కువైతే వదిలే ప్యాకెట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. గిటార్ల కోసం చేసినవి 49 శాతం దగ్గర నిలబెడతాయి. డబ్బు ఖర్చే, కాని ఏ కాలానికి ఏది పెట్టాలన్న బెంగ తీరుతుంది.

కూలరుతో జాగ్రత్త! కూలరు తడిగాలి విసురుతుంది. రాత్రంతా దాని ఎదుట తడిగాలిలో నానిన గిటారు మధ్యాహ్నం వడగాలికి ఎండితే ఒక్క రోజులోనే రెండు కాలాలు చూసినట్టు. ఏసీ ఏమో తేమ లాగేస్తుంది. గదిలో ఏసీ ఉంటే ఫరవాలేదు, దాని గాలి సూటిగా గిటారు మీద పడకూడదు. చెక్కకి ఎక్కువా తక్కువా ఎంత చేటో, ఇలా గబగబా మారడం అంతకన్నా చేటు.

ఇక కారు. పెళ్ళికి వెళ్ళి, గిటారు డిక్కీలో వదిలేసి, భోజనం ముగించి వచ్చేసరికి ఎండలో మూసి ఉన్న కారు లోపల 60 డిగ్రీలు దాటొచ్చు. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. తీగలు లాగుతూనే ఉంటాయి. మీ భోజనం ఖరీదు ఒక బ్రిడ్జి అవుతుంది. గిటారుని మీతోపాటు లోపలికి తీసుకెళ్ళండి. ఆడపడుచు ఏమన్నా అంటే పాట పాడి శాంతింపజేయొచ్చు.

దూరదేశాల తెలుగు కుర్రాళ్ళకి

అమెరికాకి చదువుకెళ్తూ గిటారు మోసుకెళ్ళే మనవాళ్ళు చాలామంది. అక్కడ ఎండాకాలం కంటే చలికాలం ప్రమాదం. బయట మంచు, ఇంట్లో హీటరు. ఆ వేడికి గదిలో తేమ 20, 30 శాతానికి దిగిపోతుంది. మన రోహిణి కార్తె అక్కడ జనవరిలో వస్తుందన్నమాట! పైన చెప్పిన తడి స్పాంజి వైద్యమే అప్పుడు చెయ్యండి. చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే ఆత్రంగా పెట్టె తెరవకండి. కొన్ని గంటలు మూసే ఉంచి, లోపలి గిటారు నెమ్మదిగా గది వేడికి అలవాటుపడ్డాక తియ్యండి. లేకపోతే మీద పూసిన పాలిష్ సన్నగా బీటలిస్తుంది.

గిటారు తన బాధ తానే చెబుతుంది

మీటరు లేకపోయినా మీ వేళ్ళు చాలు. మెడ అంచు వెంట వేలు రాయండి. ఫ్రెట్ల కొనలు గీరుకుంటున్నాయా? చెక్క కుంచించుకుంది, దాహం వేస్తోందన్నమాట. స్టీలు స్కేలు ఒకటి బ్రిడ్జి వెనక పలక మీద అడ్డంగా పెట్టండి. స్కేలు కింద మధ్యలో గుంట కనిపిస్తే పొడి ఎక్కువైంది. స్కేలు మధ్యలో ఆని రెండు పక్కలా బాగా ఊగుతుంటే తేమ ఎక్కువైంది. కాస్త గుండ్రం చాలా గిటార్లకి పుట్టుకతోనే ఉంటుంది గనుక కొన్న రోజు ఎలా ఉందో చూసి రాసిపెట్టుకోండి. తీగలు ఉన్నట్టుండి ఎత్తుగా అనిపిస్తే తేమ, నేలబారుగా దిగి జర్రుమంటుంటే పొడి. ఇవన్నీ మొదట్లో కనిపెడితే పెట్టెలో సరైన తేమ పెట్టి కొన్నాళ్ళు ఉంచితే చాలావరకు సర్దుకుంటాయి. చీలాక మాత్రం మిస్త్రీ చేతికి వెళ్ళాల్సిందే.

'మాది చవక గిటారు సార్, ఇంత సేవ అవసరమా?' అని అడిగేవాళ్ళకి ఒక మంచి కబురు. ముందు పలక ప్లైవుడ్‌ది అయితే అది వాతావరణానికి తొందరగా లొంగదు. పలక మధ్యలో ఉన్న రంధ్రం అంచు చూడండి. పైన కనబడే చారలే అంచు మందంలోకి దిగి కనిపిస్తే ఒకటే చెక్క, పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. ఎలక్ట్రిక్ గిటారు ఒళ్ళు దిమ్మచెక్క గనుక ఇంకా మొండిది. కాని దాని మెడ చెక్కదే, అదీ వంగుతుంది. తీగలకీ, వైరు దూర్చే చోటికీ తుప్పు మామూలే.

నెలల తరబడి ఊరెళ్తుంటే తీగల్ని ఒకటి రెండు స్వరాలు దించండి, మొత్తం విప్పెయ్యకండి. మెడ లోపల తీగల లాగుడికి ఎదురు నిలబడే ఇనప కడ్డీ ఒకటుంటుంది. తీగలు పూర్తిగా వదిలేస్తే ఆ కడ్డీ మెడని వెనక్కి వంచుతుంది.

సరే అమ్మాయీ, నీ సంగతి

గిటారు నీతోనే హైదరాబాదు తీసుకెళ్ళు. ఎందుకంటావా? అక్కడి గాలి గిటారుకి అమృతమని కాదు. విశాఖ చెమటకి అలవాటుపడ్డ చెక్క హైదరాబాదు ఎండలో దాహంతో అల్లాడుతుంది. మొదటి ఎండాకాలం మరీ జాగ్రత్త. హాస్టలు గదిలో కిటికీ ఎండ పడని మూల, మంచం మీద తలవైపు, పెట్టెలో ఉంచు. ఫిబ్రవరి రాగానే సబ్బు పెట్టె తయారుచేసుకో. చిన్న మీటరొకటి కొనుక్కో. అన్నిటికంటే ముఖ్యం, రోజూ ఒక్క పది నిమిషాలైనా తీసి వాయించు. వాయించేవాళ్ళకి ఫ్రెట్ గీరుకోవడం ఆ రోజే తెలుస్తుంది, తీగ ఎత్తు ఆ రోజే తెలుస్తుంది. బీరువా మీద ఉన్న గిటారు ఏడాదిన్నర క్రితం ఉబ్బిందో, నిన్న ఉబ్బిందో మీ అమ్మగారికి ఎలా తెలుస్తుంది? బీరువా పైన, కప్పు కింద వేడి చేరుతుంది. గుడ్డ చుడితే తేమ అందులోనే కూర్చుంటుంది. ఆవిడ నా లాగే ఆలోచిస్తున్నారు. దాచితే భద్రమనుకుంటున్నారు. ఈ పేజీ చదివి వినిపించు, ఆవిడ ఉప్పు డబ్బా ఆవిడకే సాక్ష్యం చెబుతుంది.

మీ నాన్నగారు ఏమీ అనడం లేదన్నావు. ఏమీ అనని వాళ్ళ సంగతి నాకు కొంచెం తెలుసు. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఆ గిటారు ఆయన చేతిలో పెట్టు. చాలు.

మా అన్నయ్య సంగతి అంటారా? ఆ పెద్దాయన బ్రిడ్జి పూర్తిగా ఊడదీసి, పాత జిగురు గీకి, మళ్ళీ అతికించి పట్టాలు బిగించాడు. చీలిక కింద లోపలి నుంచి చిన్న చిన్న చెక్క బిళ్ళలు అతికించాడు. నెల పట్టింది. అన్నయ్య సెలవు అయిపోవడానికి నాలుగు రోజుల ముందు గిటారు ఇంటికొచ్చింది. ఆ నాలుగు రాత్రులూ మేడ మెట్ల మీద వాయించాడు. విమానం రోజున మళ్ళీ గిటారు తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. నాకు నోట మాట రాలేదు. "ఈసారి దాచకురా. నేర్చుకో" అన్నాడు.

నేర్చుకున్నాను. గొప్పగా ఏం రాదు, కాని రోజూ తీస్తాను. ఆ చీలిక గీత ఇప్పటికీ పలక మీద ఉంది. అప్పటి నుంచి ఒక్క వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఈలోగా అటకల మీదా, బీరువాల మీదా ఏమేం దాచారో ఒకసారి దించి చూడండి. దుప్పటి విప్పాక ఏం కనిపించిందో నాకు రాయండి.

శ్రుతి తప్పకుండా ఉండండి మరి!